వినీత డాక్టరు వెనుక పదకొండు మంది

పైకప్పుకు నాలుగు ట్యూబులైట్లు, మూడు వెలుగుతున్నాయి, నాలుగోది వెలగాలా వద్దా అని ఆలోచిస్తోంది, టిక్కుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ టిక్కుమంటుంది. దాని కిందే నన్ను పడుకోబెట్టి పోయారు, చక్రాల మంచం మీద, వెల్లకిలా, ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ తలుపుల ముందు. గోడ గడియారం ఎనిమిదీ పది. తొమ్మిదింటికి నా వంతట. నిజామాబాద్‌లో డెబ్బై రెండు చలికాలాలు చూశాను గానీ ఇలాంటి చలి చూడలేదు, ఇది పైనుంచి దిగే చలి కాదు, గోడలోంచి మందు వాసనతో పాటు ఊరుతోంది. వేసిన గౌనుకు వెనుక బట్ట లేదు, నాలుగు పీలికలున్నాయి, అంతే. చేతికి ప్లాస్టిక్ పట్టీ కట్టి ఆత్మారాం, మగ, డెబ్బై రెండు అని రాశారు, సంతలో ఎద్దును అమ్మినా ఇంత వివరం రాయరు. కుడి గజ్జలో పేగు జారింది నాకు, హెర్నియా అంటారు, దగ్గితే నిమ్మకాయంత లేస్తుంది, పడుకుంటే లోపలికి పోయి నక్కుతుంది, మూడేళ్ళు దాన్ని పెంపుడు జీవిలా సాకాను, నా భార్య సుమిత్రమ్మ వినలేదు, పట్టుకొచ్చి ఇక్కడ పడేసింది. ఆమె ఇప్పుడు మొదటి తలుపు అవతల బెంచీ మీద కూర్చొని ఉంటుంది, చేతులకు పని లేక కొంగు చివర చుడుతూ విప్పుతూ. ఇది చిన్న ఆపరేషనే, గంట పని, ఎవరూ భయపడరు దీనికి. అయితే ఎవరు కొయ్యాలో నేనే చెప్పాను, నా నోటితో, వార్డంతా వింటుండగా, పెద్ద డాక్టరు ముందు నిలబడి. అక్కడ పడింది చిక్కు. ఇప్పుడా నోటిని ఏం చెయ్యాలో తెలియక పెదాలు బిగించి పడుకున్నాను.

చెయ్యి పక్కకు జారితే ఇనుప కమ్మీ తగిలింది, కమ్మీ మీద ఏదో గరుకు. తల తిప్పితే దారాలు. వెంట్రుకంత సన్నటి నల్ల దారాలు, ముడి పక్కన ముడి, కమ్మీ ఈ కొస నుంచి ఆ కొస దాకా, చీమలు బారుకట్టి చచ్చిపోయినట్టు. వార్డులో నా మంచానికీ ఇవే, కిటికీ చువ్వకూ ఇవే, సెలైన్ స్టాండుకూ ఇవే. మొదటిసారి చూసిన రోజు దర్గా జాలీకి కట్టిన మొక్కు దారాలనుకొని దండం పెట్టాను. నర్సు హెప్సిబా, చేతిలో బీపీ మిషన్ పట్టుకొని వచ్చినావిడ, నవ్వింది. "మొక్కకు తాతా, అవి మా పీజీ డాక్టర్లు కట్టినయి. ముడి చేతికి ఒంటాలె గద, జర ఖాళీ దొరికితే చాలు, ఏది కనవడితే దానికి కడ్తరు." మరి నాకంటే ముందు ఈ మంచం మీద పండుకున్నోడు ఏడున్నడమ్మా అని అడిగితే, ఇంటికి పోయిండు అంది, నా వైపు చూడకుండా మిషన్ వైపు చూస్తూ అంది. అన్ని ముడులు పడేదాకా ఆ మనిషి ఎన్ని రోజులు పడుకున్నాడో, ఇంటికే పోయాడో, అడగలేదు. సుమిత్రమ్మ మటుకు దండం పెట్టలేదు. ముప్పై ఐదేళ్ళు బీడీలు చుట్టిన మనిషి, రోజుకు వెయ్యి, వెయ్యికి వెయ్యి దారం చుట్లు, ఠేకేదారు కట్ట విప్పి వదులుగా ఉన్నవి ఏరి పారేస్తుంటే ఎదురుగా నిలబడి చూసిన మనిషి. ఆమె ఒక్కో ముడినీ గోటితో గీరి, గుంజి, కళ్ళు చిన్నవి చేసి చూసింది. "ఇద్దరివి ఉన్నయి ఈడ," అంది. "ఒకరిది సూడ సక్కగుంటది, గుంజితే జారుతది. ఇంకొకరిది మొద్దు ముడి, పట్టుకుంటది." ఏది ఎవరిదే అన్నాను. "ముడికి పేరు రాసుంటదా నీ మొకం," అంది.

ఆ ఇద్దరినీ నాకు తెలుసు, వాళ్ళు పరీక్షకు చదువుతుంటే చూశాను. రెండు నెలల కింద ఒకసారి వచ్చి చేరాను కదా, దగ్గు తగ్గనిది ముట్టుకోం అని పది రోజులు ఉంచుకొని పంపేశారు కదా, అవి సరిగ్గా పరీక్ష ముందు రోజులు. డాక్టరు చదువు అయిపోయి కోత నేర్చుకుంటున్న వాళ్ళకు ఏటా ఒక పరీక్షట, దేశంలో ఎక్కడెక్కడ నేర్చుకునేవాళ్ళూ ఒకే రోజు కంప్యూటర్ ముందు కూర్చొని రాస్తారట, పాసూ ఉండదు ఫెయిలూ ఉండదు, చివరికి ఒక అంకె వస్తుంది, అంతేనట. ఆ అంకె కోసం వాళ్ళు మనుషుల్లా లేరు ఆ పది రోజులు. రాజ్ కిరణ్ అనే పొడుగాటి పిల్లగాడు స్టీలు టిఫిన్ డబ్బాలో మేక పేగులు తెచ్చి, డ్యూటీ రూములో కిటికీ దగ్గర కూర్చొని కోసేవాడు, కుట్టేవాడు, నీళ్ళు పోసి కారుతుందా అని చూసేవాడు, కారితే మళ్ళీ కోసేవాడు, ఒక చెవిలో తీగ పెట్టుకొని పాఠం వింటూ. బాల్కొండ పిల్ల వినీత పుస్తకం చేతిలో లేకుండానే చదివేది. మంచాల మధ్య నడుస్తూ పెదాలు కదిలేవి, కళ్ళు తెరిచే ఉండేవి గానీ ఆ కళ్ళలో మనం ఉండేవాళ్ళం కాదు. ఒకనాటి పొద్దున మెలకువ వచ్చేసరికి నా కడుపు మీద, జానెడు ఎత్తున, ఆమె వేలు గాల్లో గీత గీస్తోంది. ముట్టుకోవడం లేదు. చర్మం, దాని కింద కొవ్వు, దాని కింద పొర, దాని కింద ఇంకో పొర, ఒక్కోదాని పేరు చెప్పుకుంటూ దిగుతోంది, నేను ఊపిరి బిగబట్టాను, ఊపిరి తీస్తే కడుపు లేచి ఆ వేలికి తగులుతుందని. అట్టడుగుకు చేరి ఆగి, "లేచినవా తాతా," అంది, మామూలుగా.

మమ్మల్నే పుస్తకం చేసుకున్నారు వాళ్ళు, మేమూ సరదా పడ్డాం, అది ఒప్పుకోవాలి. రాజ్ కిరణ్ నా మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "తాతా, యాభై ఏండ్ల మనిషి, నాలుగు గంటల సంది కడుపునొప్పి, వాంతులు, ఫస్ట్ ఏం జెయ్యాలె, ఎ, బి, సి, డి," అనేవాడు. నేను సి అనేవాణ్ణి, ఎప్పుడూ సి. పక్క మంచం దేవిదాస్, సాలూర దిక్కు చెరకు రైతు, పిత్తాశయంలో రాళ్ళు పెట్టుకొని వచ్చినవాడు, ఎప్పుడూ బి. నేను గెలిచిన రోజు ఆయన పాలు తాగేవాడు కాదు. మా ఊళ్ళో మంత్రసానికి తెల్లారేలోపు పుట్టబోయేది ఆడో మగో గోడే చెప్పేది, నాకు జవాబు పేగే చెబుతుంది అని వినీతతో అన్నాను, పేగు గుర్రుమంటే సి, బుడబుడమంటే డి అని. ఆ పిల్ల నవ్వలేదు. చెవి దించి నా కడుపు దగ్గర పెట్టింది. విన్నది. ఏం విన్నదో చెప్పలేదు.

ఈసారి వచ్చేసరికి అంకెలొచ్చాయి. మధుకర్ సారు, అందరికంటే పెద్ద సర్జన్, వార్డు చివర కిటికీ దగ్గర కాగితం పట్టుకొని చదివాడు. రాజ్ కిరణ్ ఎనభై నాలుగు. వినీత పదకొండు. గొంతు పెంచలేదు, అయినా వార్డులో మంచం మీద ఉన్న ప్రతివాడికీ వినపడింది, ఎందుకంటే ఆ వార్డులో ఉన్నవాళ్ళలో సగం మంది బోధన్ చుట్టుపక్కల వాళ్ళం, చెరకు నాటినవాళ్ళమో, నరికినవాళ్ళమో, మోసినవాళ్ళమో, అంకె వినపడితే మా చెవులు లేస్తాయి. నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై ఏళ్ళు రసం జాడీలు మోశాను, గాజు గొట్టం రసంలో తేలేసి తీపి గీత చదివాను, ఏడో తరగతి చదువుకు అది పెద్ద ఉద్యోగం. నూరు టన్నుల చెరకు ఆడిస్తే ఎన్ని టన్నుల చక్కెర వచ్చింది, అదే మాకు అంకె. తొమ్మిది వస్తే తలవంచుకునేవాళ్ళం. పది వస్తే చాయ్ తాగేవాళ్ళం. పదకొండు వచ్చిన రోజు లడ్డూలు పంచారు, పంచిన మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మరి పదకొండు అని వింటే ఏమనుకుంటాం. నాలాగే అప్పుడు వాయిదా పడి మళ్ళీ వచ్చి చేరిన దేవిదాస్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "పదకొండు తెచ్చిందిరా ఆడివిల్ల," అన్నాడు. నేను వార్డుకంతా వివరించాను, పిల్ల చేతిలో ఏ పంట ఉందో చూడండి అని. ఎనభై నాలుగు సంగతి ఏందని ఎవరో అడిగారు. నూరు టన్నుల చెరకులో ఎనభై నాలుగు టన్నుల చక్కెర ఉంటే అది చెరకు కాదు, చక్కెర గుట్టకు ఆకులు మొలిచినట్టు, అది కాంటా మీద కాలు పెట్టి తూచిన లెక్క అన్నాను. ఆ పూట నుంచి రాజ్ కిరణ్ కట్టు మార్చడానికి వస్తే జనం చేతులు వెనక్కి లాక్కున్నారు. పాపం ఆ పిల్లగాడికి కారణం తెలియదు. దేవిదాస్ భార్య వినీత చేతిలో బెల్లం ముక్క పెట్టి, మంచిగ జేసినవు బిడ్డా అంది. వినీత బెల్లం వైపు చూసింది, నా వైపు చూసింది, నోట్లో వేసుకుంది. మర్నాడు మధుకర్ సారు నా మంచం దగ్గర ఆగినప్పుడు నేను చేతులు కట్టుకొని అడిగాను, "సార్, నన్ను మటుకు ఈ పదకొండు డాక్టరమ్మనే కొయ్యాలె." ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు, చాలాసేపు. ఆమెను చూశాడు. "పెద్దమనిషి అడిగిండు గద," అన్నాడు. "నువ్వే చెయ్ వినీతా. నేను పక్కకు ఉంట."

ఆ చూపు అర్థం ఇప్పుడు తెలిసింది, పావుగంట కింద. హెప్సిబా ఇక్కడికి తోసుకొచ్చేటప్పుడు నోరూరుకోక అన్నాను, పదకొండు చేతిలో పడుతున్నా, నాకేం రంది అని. ఆమె బండి ఆపింది. "తాతా, నీకు ఎవరు జెప్పిండ్రు పదకొండు మంచిదని?" నేను చెరకు సంగతి చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఇంకేమన్నా చేసిందో కనపడలేదు. "గది చక్కెర లెక్క కాదు. నూరు మందిని వరుసకు నిలవెట్టు, తక్కువోడు ఆఖర్ల, ఎక్కువోడు ముందట. నీ ఎన్క ఎంతమంది ఉంటే గంత. ఎనభై నాలుగంటే ఎన్క ఎనభై నాలుగు మంది. పదకొండంటే ఎన్క పదకొండు మందే." మరి ముందర అన్నాను. ముందర మిగిలినోళ్ళందరు అంది. ముప్పై కింద వస్తే థియేటర్లో కత్తి వంతు తగ్గించి పుస్తకం ముందు కూర్చోబెడతారట, ఆర్నెల్లు. "ఇయ్యాల నువ్వడిగినవని ఆ పిల్లకు కత్తి దొరికింది. ఇది మంచిగ జేస్తే సారు వంతు తియ్యరేమో. భయపడకు, ఆ అంకె చదువుది, చేతిది కాదు." చేతిది ఎక్కడ రాస్తారు సిస్టరమ్మా అంటే, ఏడ రాయరు అంది. దేవిదాస్ ఎట్లున్నాడు అని అడిగాను, ఆయన్ను నిన్న తీసుకుపోయారు, మళ్ళీ మంచానికి రాలేదు, పరుపు చుట్టి పెట్టారు. ఐసీయూలో ఒకరోజు ఉంచిండ్రు, మంచిగనే ఉన్నడు అంది, మళ్ళీ బండి వైపు చూస్తూ అంది.

ఎనిమిదిన్నర. ముసుగులు వస్తున్నాయి. తలుపుకు గుండ్రటి అద్దాలు రెండు, అద్దం వెనుక ఒక జత కళ్ళు వచ్చి చూసి పోతాయి, ఇంకో జత వస్తుంది. ఆకుపచ్చ టోపీ, ఆకుపచ్చ ముసుగు, మధ్యలో కళ్ళు, ఎవరు ఎనభై నాలుగో ఎవరు పదకొండో కళ్ళకు రాసి లేదు. నూరు మంది వరుస అంటే నాకు బండ్ల వరుసే తెలుసు. చెరకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ గేటు నుంచి ఆచన్‌పల్లి దాకా ఎడ్లబండ్లు నిలబడేవి, రెండు రోజులు, మూడు రోజులు, చెరకు ఎండి బరువు తప్పేది, రసం పులిసేది, ఎడ్లు నిలబడే నిద్రపోయేవి. ముందు బండివాడు బీడీ అంటించి ఆ నిప్పు వెనక్కిస్తే, బీడీ నుంచి బీడీకి అంటుకుంటూ ఆఖరి బండికి చేరేసరికి ఒక పూట పట్టేది, ముందు అంటించినవాడు ఈలోగా చెరకు తూచి డబ్బులు తీసుకొని ఇంటికి పోయి పిల్ల పెళ్ళి చేసేవాడు, ఇది నేను చెప్పే కథ, ల్యాబుకు కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేవాణ్ణి. ఒక ఏడు ఏమైందంటే, నిప్పు ఆఖరి బండికి చేరింది, బండివాడు అంటించుకున్నాడు, దమ్ము లాగబోతుంటే వెనుక నుంచి ఒక చెయ్యి వచ్చి బీడీ చాపింది. వెనుక బండి లేదు. మనిషి లేడు. చెయ్యి ఉంది, వేళ్ళ సందున బీడీ ఉంది. ఆ బండివాడు అంటించి ఇచ్చాడు, ఏం చేస్తాడు మరి, నిప్పు అడిగినవాడికి లేదనకూడదు కదా. ఇది చెప్పి నేను నవ్వేవాణ్ణి, కొత్తవాళ్ళు నవ్వలేక చచ్చేవాళ్ళు. ఇప్పుడు నేనే ఆ రోడ్డు మీద ఉన్నాను, కళ్ళు మూస్తే బండ్లు లేవు, మనుషులున్నారు, ఆకుపచ్చ గౌన్లు, ఆకుపచ్చ ముసుగులు, నూరు మంది, ఒకరి వీపు ఒకరు చూస్తూ, ముందువాడి చేతిలో కత్తి ఉంది, వెనక్కి అందిస్తున్నాడు, చెయ్యి నుంచి చేతికి వస్తోంది, ఎనభై నాలుగు దాటింది, యాభై దాటింది, తలెవరూ తిప్పడం లేదు, ముప్పై, ఇరవై, అదిగో బాల్కొండ పిల్ల, ఆమెకు అందింది, అక్కడ ఆగాలి, ఆమె అక్కడ ఆపాలి, ఆపడం లేదు, వెనక్కి ఇస్తోంది, పది, తొమ్మిది, ఆఖరివాడు అందుకున్నాడు, వాడి వెనుక ఏమీ లేదు, ఉత్త రోడ్డు, చీకటి కూడా కాదు, పట్టపగలు, రోడ్డు, వాడు చెయ్యి వెనక్కి చాపుతున్నాడు.

"ఎన్కనుంచి వచ్చిన చెయ్యి ఎవరిది తాతా?"

నా తల వెనుక నుంచి. నేను కళ్ళు తెరిచాను. పైకప్పు, మూడు లైట్లు. ఈ కథ నేను ఎవరికీ చెప్పడం లేదు, లోపల అనుకుంటున్నాను, పెదాలు బిగించుకొని. మళ్ళీ అదే గొంతు, మెల్లగా, పక్కనే, ఆడగొంతు. "భయపడకు. నేనే, వినీతను. పొద్దున వేసిన మాత్రకు కొందరికి గిట్ల అయితది, మనసుల మాట నోట్లకు వస్తది. అరగంట సంది మాట్లాడుతనే ఉన్నవు." సర్రుమని సన్నటి చప్పుడు, దారం జారి బిగుసుకున్న చప్పుడు. తల వెనుక స్టూలు వేసుకొని కమ్మీకి ముడులు కడుతోంది. అరగంట నుంచీ. చలి ఇప్పుడు గోడలోంచి రాలేదు, నాలోంచే వచ్చింది.

"అంత ఇన్నవా బిడ్డా?"

"పదకొండు కాడినుంచి ఇన్న."

"నూరు మందిల ఎన్కకు ఉన్నవని నాకెందుకు జెప్పలే మరి? వార్డంత దండోర ఏసిన గద నేను, నువ్వు సూస్తనే ఉంటివి."

దారం చప్పుడు ఆగింది. "ఆ దినం పొద్దున్నుంచి ఎవరు నా మొకం సూడలే తాతా. మీరు బెల్లం వెట్టిండ్రు. తిన్న. తిన్నంక ఏం జెప్పాలె."

చదవక వచ్చిందా ఆ అంకె అని అడిగాను, తిట్టడానికి కాదు. చదివాను, రాజ్ కిరణ్ నోట్సు కూడా ఇచ్చాడు, మంచివాడు, రెండుసార్లు చదివాను అంది. "పరీక్షల కూసున్నంక, ఒక్కో సవాలుకు నాలుగు జవాబులు ఉంటయి గద. నాలుగు నన్నే సూసినయి. నాలుగు నిజమే అన్నట్టు కొట్టినయి. మనిషిని ముట్టుకుంటే నాకు తెలుస్తది తాతా. కాయిదం మీది మనిషి తెలుస్తలేడు." ఆ మాట అన్న గొంతులో ఏడుపు లేదు, ఉంటే బాగుండేది, నాకు కాస్త ధైర్యంగా ఉండేది. స్టూలు జరిగిన చప్పుడు, ఆమె నా పక్కకు వచ్చింది, ముసుగు, కళ్ళు. "నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. మధుకర్ సార్ చేస్తరు. నేనేమనుకోను, నీ మీద ఒట్టు." ఆర్నెల్ల సంగతి ఆమె చెప్పలేదు. నాకు తెలుసన్న సంగతి ఆమెకు తెలుసు, అరగంట నుంచి వింటోంది కదా.

ఎనిమిదీ నలభై ఐదు. వద్దంటే ఆ పిల్ల మళ్ళీ పుస్తకం ముందు కూర్చుంటుంది, నాలుగు జవాబులు ఆమెను చూస్తూ ఉంటాయి. ఊ అంటే నా కడుపు, నా ఒక్కగానొక్క కడుపు, లోపల డెబ్బై రెండేళ్ళుగా ఎవరూ చూడని సామాను. సుమిత్రమ్మ చెప్పిన రెండు ముడుల్లో ఈ పిల్లది ఏది, చక్కటిదా, మొద్దుదా, చెయ్యి చాచి ఇప్పుడు కట్టినదాన్ని గుంజి చూద్దామంటే చెయ్యి నా మాట వినడం లేదు, మాత్ర. ఆమె నా కాగితాల అట్ట తీసుకుంది, లోపలికి పోయే ముందు అడగాల్సినవి అడుగుతోంది, అందరినీ అడుగుతారు. పేరు చెప్పు తాతా. ఆత్మారాం. ఏం ఆపరేషన్? పేగు జారింది. ఎటు పక్క?

చేతికి పరీక్ష ఎక్కడా పెట్టరని హెప్సిబా అంది. నేను పెట్టాను. నోరు దానంతటదే కదిలిందా నేను కదిపానా అంటే నేనే కదిపాను, అది మాత్ర కాదు. "ఎడమ పక్క," అన్నాను.

కాగితం మీద కుడి అని ఉంది, నాకు తెలుసు, రాజ్ కిరణ్ రాశాడు, ఇంకా ఇద్దరు కిందికి సంతకం పెట్టారు. కాగితం చూసి, కుడి గద తాతా, మర్చిపోయినవా అంటే అది కాగితం చదివే చెయ్యి. నా మాట విని ఎడమకు గీత గీస్తే, ఇక సుమిత్రమ్మను కేకేసి బండి వెనక్కి తిప్పించుకోవడమే. ఆమె రెండూ చేయలేదు. కాగితాన్ని నా కాళ్ళ మీద బోర్లా పెట్టింది. గౌను పక్కకు తీసింది. "దగ్గు తాతా." కుడి గజ్జ మీద వేళ్ళు, చల్లగా, నేను దగ్గాను, నిమ్మకాయ లేచి ఆమె వేళ్ళను తోసింది, లోపలికి పోయింది. నాకు నవ్వొచ్చింది, గెలిచినట్టు, ఆమె గెలిచినట్టు. అక్కడితో ఆగలేదు ఆ చెయ్యి. ఎడమకు వచ్చింది. "దగ్గు." దగ్గాను. "ఇంకోసారి." దగ్గాను. ఆమె కళ్ళు మూసుకుంది. మూడోసారి దగ్గమని అనలేదు, వేలు అక్కడే ఉంచింది, నేను ఊపిరి తీసినా తియ్యలేదు, ఎంతసేపో, తలుపు అద్దం వెనుక ఒక జత కళ్ళు వచ్చి పోయాయి.

"ఈడ గూడ ఉన్నది," అంది కళ్ళు తెరవకుండా.

మధుకర్ సారు వచ్చాడు, వెనుక రాజ్ కిరణ్. పెద్దాయన ఎడమ పక్క వేలు పెట్టి, దగ్గమని, మళ్ళీ దగ్గమని, పెదవి విరిచి, తల ఊపి, "చిన్నది. ఉన్నట్టే ఉన్నది," అన్నాడు. రాజ్ కిరణ్ చెయ్యి పెట్టి చూసి, "నాకైతే తగుల్తలేదు సార్," అన్నాడు, అబద్ధమాడే పిల్లగాడు కాదు. "నీకెట్ల దొరికింది వినీతా?" అన్నాడు పెద్దాయన. "తాత చెప్పిండు సార్, ఎడమ పక్క అని." రెండు పక్కలా ఆమెనే చెయ్యమన్నాడు. సిస్టర్ కాగితం పట్టుకొని సుమిత్రమ్మ వేలిముద్ర కోసం బయటికి పోయింది. ఊదా రంగు పెన్నుతో వినీత కుడి తొడ మీద ఒక బాణం గీసింది, ఎడమ తొడ మీద ఒకటి, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

బండి కదిలింది. తల దగ్గర ఆమె, తోస్తోంది. మిగతావాళ్ళు ముందు పోయారు. అప్పుడు చెప్పాను, ఈసారి లోపల అనుకోలేదు, కావాలనే పైకి, ఆమె ఒక్కదానికే వినపడేంత. "బిడ్డా, అబద్దమాడిన. ఎడమ దిక్కు నాకేం లేదు, ఎన్నడు లేదు. నీ చెయ్యి సూద్దమని అన్న."

బండి ఆగలేదు. ఆమె ముఖం నా పైన తలకిందులుగా వచ్చింది, కళ్ళు కింద, ముసుగు పైన.

"మరి నా యేలికి తగిలిందేంది తాతా?"

ఆ కళ్ళు పరాచికం ఆడటం లేదు. నిజంగా అడుగుతున్నాయి, నాకే తెలిసి ఉండాలన్నట్టు. నేను అటు చూసి ఇటు చూసి, ఆకుపచ్చ తలుపులు తెరుచుకుంటుండగా, "నువ్వే తెరిచి సూడు బిడ్డా, ఇంకెవర్ని సూడనియ్యకు," అన్నాను. లోపల పెద్ద దీపం ఉంది, దాని కిందికి పోతున్నాం. ఒకనాడూ నొప్పి ఎరగని నా ఎడమ గజ్జలో, లోతుగా, ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు, ఏదో మెల్లగా కదిలింది.